లాస్ వేగస్ – డెత్ వ్యాలీ – టియోగా పాస్ – యోసెమిటీ: పిల్లలు, పెద్దవాళ్లతో కారు ప్రయాణం

1. దారిలోఉన్నాం

అందరికీ నమస్కారం. మేం ఆరుగురం: నేను, మా ఆవిడ, ఏడేళ్ల అమ్మాయి, మూడేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మ, నాన్న. నాన్నకి 71 ఏళ్లు. షుగర్‌కి ఇన్సులిన్, బీపీకి రెండు మందులు వాడుతున్నారు. వాటిలో ఒకటి నీటి మాత్ర.

లాస్ వేగస్‌లో దిగి కారు అద్దెకు తీసుకుంటాం. మొదటి రోజు మధ్యాహ్నానికి డెత్ వ్యాలీ ఎడారిలోని బ్యాడ్‌వాటర్ ఉప్పు నేలకి చేరి, రాత్రి అక్కడే ఫర్నెస్ క్రీక్‌లో ఉంటాం. రెండో రోజు ఇసుక తిన్నెలు, లోన్ పైన్ చూసుకుంటూ వెళ్లి మ్యామత్ లేక్స్‌లో బస. మూడో రోజు టియోగా పాస్ (కొండ కనుమ) దాటి యోసెమిటీ వ్యాలీ. తిరుగు విమానం ఫ్రెస్నో నుంచి.

జూలై రెండో వారమా, అక్టోబరా అన్నది తేలలేదు. ఎస్‌యూవీనా, మినీవ్యానా? నీళ్లు ఎన్ని? ఎత్తు వల్ల నాన్నకి ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి.

2. పనమింట్

ముందు నెల తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. ఈ దారిలో అసలు చిక్కు అదే. డెత్ వ్యాలీకి మంచి కాలం నవంబరు నుంచి మార్చి దాకా. టియోగా రోడ్డేమో మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరిచి నవంబరులో మూసేస్తారు. ఒకటి బాగున్నప్పుడు రెండోది బాగుండదు. 2023లో మంచు విపరీతంగా పడి టియోగా జూలై 22 దాకా తెరవనేలేదు.

జూలై వద్దే వద్దు. ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్ (56.7 సెల్సియస్) ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఆ రికార్డు సంగతి పక్కన పెట్టినా జూలైలో సగటు గరిష్ఠమే 116 దరిదాపుల్లో ఉంటుంది. రాత్రి కూడా 90 కిందకి దిగని రోజులుంటాయి, అంటే ఒంటికి తేరుకునే సమయం దొరకదు. నీటి మాత్ర వేసుకునే పెద్దాయన్ని, మూడేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్లే చోటు కాదు అప్పుడు.

సెప్టెంబరులో సగటు గరిష్ఠం ఇంకా 106 ఉంటుంది. అక్టోబరుకి 93కి దిగుతుంది. కాబట్టి అక్టోబరు మొదటి సగం పెట్టుకోండి. ఎడారి భరించేలా ఉంటుంది, టియోగా చాలా ఏళ్లలో తెరిచే ఉంటుంది. ఒక్కటే షరతు: అక్టోబరులో తుపాను వస్తే టియోగాని ఒకటి రెండు రోజులు మూసేయొచ్చు. మూడో రోజుకి రెండో దారి ముందే సిద్ధంగా ఉండాలి.

3. నిదానమే

అక్టోబరుకే నా ఓటు కూడా. కొలంబస్ డే (అక్టోబరు రెండో సోమవారం సెలవు) వారాంతం మాత్రం తప్పించండి. 395 రహదారి పొడవునా ఊళ్లన్నీ చిన్నవి, గదులు తక్కువ. పార్కు లోపల బసలు మరీ తక్కువ, ఫర్నెస్ క్రీక్ గది దొరికాకే విమానం టికెట్లు కొనండి.

ఇంకో మాట. డెత్ వ్యాలీ ప్రవేశ రుసుం నగదుగా తీసుకోరు, కార్డే. కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. 2026 నుంచి విదేశాల నుంచి వచ్చే సందర్శకులకి పార్కుల రుసుములు, వార్షిక పాస్ నియమాలు వేరుగా ఉన్నాయి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఉన్నారు కాబట్టి నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో యోసెమిటీ రుసుముల భాగం చదివి పాస్ కొనండి. మీ అమెరికా ఫోటో గుర్తింపు కార్డు, వాళ్ల పాస్‌పోర్టులు చేతికందేలా ఉంచుకోండి.

4. మూడోవరస

ఆరుగురికి మినీవ్యానే. మూడు వరసల ఎస్‌యూవీలో మూడో వరస లేపితే వెనక రెండు చిన్న పెట్టెలకి మించి పట్టవు. మినీవ్యాన్‌లో మూడో వరస వెనక లోతైన గుంట ఉంటుంది, నీళ్ల డబ్బాలు, కూలర్ అందులో కూర్చుంటాయి. పెద్దవాళ్లకి జారే తలుపు, తక్కువ ఎత్తు మెట్టు కూడా పెద్ద సాయమే. నాలుగు చక్రాల డ్రైవ్ మీ దారికి అక్కర్లేదు, మీరు చెప్పినవన్నీ తారు రోడ్లే.

డ్రైవర్ తలుపు చట్రం మీద పసుపు స్టిక్కర్‌లో మనుషులు, సామాను కలిపి ఎంత బరువు దాటకూడదో రాసి ఉంటుంది. లెక్క వేసుకోండి: నలుగురు పెద్దవాళ్లు 280 కిలోలు, పిల్లలు 40, వాళ్ల కార్ సీట్లు 15, సామాను 100, నీళ్లు 9 గ్యాలన్లు అంటే 34. మొత్తం 470 కిలోలు, సుమారు 1,035 పౌండ్లు. స్టిక్కర్ మీద అంకె అంతకంటే తక్కువుంటే ఆ బండి వద్దనండి. బరువు మించితే ముందు దెబ్బతినేవి వేడి రోడ్డు మీద టైర్లు, దిగుడులో బ్రేకులు.

కౌంటర్ దగ్గరే చూడాల్సినవి: మూడో వరసకి ఏసీ గాలి నిజంగా వస్తోందా (10 నిమిషాలు ఆన్ చేసి చేత్తో చూడండి), స్టెప్నీ ఉందా, లేక గాలి పంపు, సీలెంట్ డబ్బా మాత్రమేనా, రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లా. సీలెంట్ చిన్న మేకు రంధ్రానికే పనికొస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు.

కాలిఫోర్నియాలో 8 ఏళ్లలోపు పిల్లలు వెనక సీట్లో కార్ సీట్ లేదా బూస్టర్‌లోనే కూర్చోవాలి. 4 అడుగుల 9 అంగుళాలు దాటితేనే మినహాయింపు. మీ అమ్మాయికి బూస్టర్ తప్పదు. వేగస్‌లో అద్దె సీటు దొరకలేదంటే చేసేదేమీ ఉండదు, మీదే పట్టుకెళ్లండి. కార్ సీట్లు, స్ట్రోలర్ చాలా విమాన సంస్థలు ఉచితంగానే తీసుకెళ్తాయి.

5. ఇంజిన్‌గది

టైర్ల గాలి సంగతి. వేగస్‌లో ఉదయం, బండి కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక, తలుపు స్టిక్కర్ మీద రాసినంతే పెట్టండి. ఎక్కువా వద్దు, "వేడికి ఉబ్బుతుంది కదా" అని తక్కువా వద్దు. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ఎక్కువగా వంగి, ఆ వంగడం వల్లే ఇంకా వేడెక్కుతుంది. ఎడారిలో టైర్లు పేలడానికి తరచుగా అదే కారణం. మధ్యాహ్నం 5, 6 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) పెరిగినట్టు కనిపిస్తుంది, అది మామూలే. వేడిగా ఉన్నప్పుడు గాలి తీయకూడదు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది. 95 డిగ్రీల లోయ నుంచి 40 డిగ్రీల టియోగాకి వెళ్తే 5 దాకా పడాలి. కానీ దాదాపు 10,000 అడుగుల ఎత్తులో బయటి గాలి పీడనం కూడా 14.7 నుంచి 10 దరిదాపులకి తగ్గుతుంది కాబట్టి గేజ్ 4 పైనే ఎక్కువ చూపిస్తుంది. రెండూ దాదాపు చెల్లుకి చెల్లు. అసలు లోటు బయటపడేది దిగాక, యోసెమిటీ వ్యాలీలో చల్లని ఉదయం. టైర్లలో గాలి తగ్గిందని చెప్పే దీపం వెలిగేది అప్పుడే, అక్కడ మళ్లీ స్టిక్కర్ అంకెకి నింపుకోవాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న పంపు ఒకటి బ్యాగులో ఉంటే చాలు.

ఎత్తుకి పోయేకొద్దీ టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకి సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. టియోగా పైన 30 శాతం తక్కువ. బండి పాడైందని కంగారు పడకండి. ఎదురు బండి వస్తుండగా ఓవర్‌టేక్ చేసే ఆలోచన మాత్రం అక్కడ పెట్టుకోవద్దు.

6. తెల్లకోటు

నేను వైద్య వృత్తిలో ఉన్నాను. ఇక్కడ చెప్పేది మీ డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నల కోసమే.

నాన్నగారి విషయంలో ఎత్తు కంటే వేడి గురించి ఎక్కువ ఆలోచించండి. నీటి మాత్ర ఒంట్లోని నీటిని, ఉప్పుని బయటికి పంపుతుంది. రెండో బీపీ మందు బీటా బ్లాకర్ అయితే వేడికి గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. షుగర్‌కి ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు కూడా ఉంటే అవి చక్కెరతో పాటు నీటినీ మూత్రంలో పంపేస్తాయి. మూడూ కలిసిన మనిషి కారు దిగి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఎడారి రోజు మోతాదు మార్చాలా అని ప్రయాణానికి రెండు వారాల ముందే అడగండి. సొంతంగా ఏదీ ఆపకండి. దిగే ముందు ఒక నిమిషం తలుపు తీసుకుని కాళ్లు కింద పెట్టి కూర్చోమనండి.

ఇన్సులిన్: వాడుతున్న పెన్ను చాలా రకాలకి 30 డిగ్రీల సెల్సియస్ (86 ఫారన్‌హీట్) లోపు ఉండాలి. వాడనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య. కూలర్‌లో ఐసుకి నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుంది, తువ్వాలు చుట్టి చిన్న డబ్బాలో పెట్టండి. గడ్డకట్టిన పెన్ను కరిగినా వాడకూడదు. ఆగి ఉన్న కారులో, డాష్‌బోర్డ్ అరలో అసలు వదలొద్దు. గ్లూకోమీటర్, స్ట్రిప్స్ కూడా వేడికి, ఎత్తుకి తప్పు అంకెలు చూపగలవు, అవీ కారు లోపల నీడలో ఉండాలి.

నీళ్లు: పార్కు వాళ్లు చెప్పేది మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్లకి పరిమితి పెట్టిన వాళ్లకి ఇది వర్తించదు, అదీ అడగండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. మధ్యలో ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్లు లేకపోతే లీటరు నీళ్లకి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. నాన్నగారికి అందులో పంచదార లెక్కలోకి తీసుకోండి.

బాబుకి మలుపుల్లో వాంతులైతే చాలామంది డ్రామమైన్ ఇస్తారు. ఆ రకం మందులు చెమటని తగ్గిస్తాయి, నిద్రమత్తు తెస్తాయి. లోయలో ఉండగా ఇవ్వకుండా, అవసరమైతే కొండ రోజుకి మాత్రం పిల్లల డాక్టర్‌ని అడిగి మోతాదు రాయించుకోండి.

వడదెబ్బ గుర్తులు: మాట తడబడటం, అయోమయం, ఒళ్లు కాలిపోవడం, 104 ఫారన్‌హీట్ దాటిన జ్వరం. చెమట పట్టడం లేదా ఆగిపోవడం మీద నమ్మకం పెట్టుకోవద్దు, రెండు రకాలుగానూ ఉంటుంది. 911కి ఫోన్ చేసి, ఎదురు చూసే లోపే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, గాలి కొట్టండి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

7. దారిలోఉన్నాం

చాలా ఉపయోగపడింది అండి. అయితే అక్టోబరు 4 తర్వాత పెట్టుకుంటాం, మినీవ్యాన్ ఖాయం. రెండు సందేహాలు. డెత్ వ్యాలీ గుండా వెళ్లే 190 రహదారి మీద ఎక్కుడులో ఏసీ ఆపమని బోర్డులుంటాయని విన్నాను, కొత్త బళ్లకీ అది అవసరమా? యోసెమిటీ నుంచి మొదలుపెట్టి వేగస్‌లో ముగిస్తే నయమా?

8. ఇంజిన్‌గది

బోర్డుల వెనక కారణం ఇది. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది. ఏసీ నడుస్తుంటే క్యాబిన్‌లోని వేడంతా అక్కడ బయటపడి, రేడియేటర్‌కి చేరే గాలి ముందే వేడెక్కి ఉంటుంది. దానికి తోడు కంప్రెసర్‌ని తిప్పే భారం ఇంజిన్ మీదే. 190 మీదున్న స్టోవ్‌పైప్ వెల్స్ అనే చోటు సముద్ర మట్టంలో ఉంది. అక్కడి నుంచి 17 మైళ్లలో టౌన్ పాస్, 4,956 అడుగులు. అంత నిడివిలో ఊపిరి పీల్చుకునే చదును ఎక్కడా లేదు.

నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మామూలు పీడనంలో 106 సెల్సియస్ దగ్గర మరుగుతుంది, 15 పీఎస్‌ఐ మూత బిగించి ఉంటే 129 దాకా ఆగుతుంది. అందుకే వేడి మీద మూత తీస్తే ఆ క్షణమే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. మూత రబ్బరు పాతబడినా ఇదే నష్టం, కూలెంట్ నిండుగా ఉన్నా మరుగుతుంది.

9. నిదానమే

ఒక విషయంలో ఒప్పుకోలేను. అక్టోబరు ఉదయం, మంచి కండిషన్‌లో ఉన్న కొత్త మినీవ్యాన్‌కి ఏసీ ఆపనక్కర్లేదు. ఆపితే మూడో వరసలో పిల్లలు, నడి వరసలో పెద్దాయన ఉడికిపోతారు. బండిని కాపాడబోయి మనుషుల్ని ఇబ్బంది పెట్టినట్టవుతుంది. వేగం 40–45 మైళ్లకి తగ్గించి, గేర్ ఒకటి తగ్గించి ఇంజిన్‌ని కొంచెం ఎక్కువ తిరగనిస్తే నీటి పంపు ఎక్కువ నీటిని తోస్తుంది. అది చాలు.

10. ఇంజిన్‌గది

నిదానమే గారన్నది సరే, అక్టోబరు ఉదయానికి ఒప్పుకుంటాను. నియమం ఇలా పెట్టుకోండి: ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ ఉండే చోట ఉన్నంతవరకు ఏసీ ఉండనివ్వండి. ముల్లు కదలడం మొదలైతే వెంటనే ఆపండి. చాలా కొత్త కార్ల ముల్లు కొంత మేరకి కదలకుండా ఉండేలా చేసి ఉంటుంది, కదిలిందంటే వేడి అప్పటికే బాగా పెరిగిందని అర్థం.

ఇంకా పెరిగితే కిటికీలు దించి హీటర్ పూర్తి వేడికి, ఫ్యాన్ పూర్తి వేగానికి పెట్టండి. హీటర్ కూడా చిన్న రేడియేటరే. పిల్లలకి ఆ అయిదు నిమిషాలు కష్టమే, తడి గుడ్డ మెడ మీద వేయండి. అప్పటికీ తగ్గకపోతే రోడ్డు దిగి, ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి. ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి కనిపించినా వెంటనే ఆఫ్ చేయాలి. గంట ఆగాకే బానెట్ జోలికి వెళ్లండి.

11. పనమింట్

దిశ మీరు అనుకున్నదే సరైనది. యోసెమిటీ నుంచి వస్తే డెత్ వ్యాలీకి మధ్యాహ్నం చేరతారు, అదే అన్నిటికంటే వేడి వేళ. వేగస్ నుంచి వస్తే లోయని తెల్లవారుజామున ముగించొచ్చు. ఎత్తుకి కూడా ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది.

మీ పథకంలో మార్చాల్సింది మొదటి మధ్యాహ్నం. బ్యాడ్‌వాటర్‌ని మధ్యాహ్నం పెట్టకండి. సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన తెల్లటి ఉప్పు నేల మీద ఎండ పైనుంచీ కిందినుంచీ కొడుతుంది. వేగస్ నుంచి మధ్యాహ్నం 2కి బయల్దేరి, పహ్రంప్‌లో ట్యాంకు నిండా గ్యాస్ (పెట్రోలు) కొట్టించి, డెత్ వ్యాలీ జంక్షన్ మీదుగా 190 ఎక్కండి. ఫర్నెస్ క్రీక్ కంటే ముందే డాంటేస్ వ్యూ దారి ఎడమకి చీలుతుంది, 13 మైళ్లు. 5,475 అడుగుల ఎత్తులో లోయ కంటే 15 నుంచి 25 డిగ్రీల ఫారన్‌హీట్ చల్లగా ఉంటుంది. అమ్మానాన్నలు కారు దిగి పది అడుగులు వేస్తే చాలు, లోయంతా కనిపిస్తుంది. చివరి మలుపులు బాగా నిటారు, దిగేటప్పుడు తక్కువ గేర్. సూర్యాస్తమయం అక్టోబరు మొదట్లో 6:20 ప్రాంతంలో. చీకటి పడ్డాక దారిలో దీపాలుండవు, కొయోటీలు అడ్డం వస్తాయి, తొందరపడొద్దు.

రెండో రోజు 6:30కి జబ్రిస్కీ పాయింట్. అక్కడి నుంచి బ్యాడ్‌వాటర్. బ్యాడ్‌వాటర్‌కి తూర్పున కొండ నిటారుగా ఉంటుంది కాబట్టి పొద్దెక్కాక కూడా కాసేపు నీడ ఉంటుంది, పిల్లలు ఉప్పు మీద నడిచేది ఆ నీడలోనే. తిరిగి వచ్చేటప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్, 9 మైళ్లు, దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే దిశ. వెళ్లేటప్పుడు దాంట్లోకి దూరడానికి వీల్లేదు. 10 గంటలకల్లా ఫర్నెస్ క్రీక్ వదిలేయండి. మెస్కీట్ ఫ్లాట్ తిన్నెల్ని పార్కింగ్ దగ్గరి నుంచి చూస్తే చాలు. వేసవిలో 10 దాటాక దిగువ ప్రాంతాల్లో నడవొద్దని పార్కు వాళ్లు చెప్తారు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు అక్టోబరుకీ అదే పాటించండి.

12. ఇంజిన్‌గది

టౌన్ పాస్ దాటాక దిగుడు గురించి. పనమింట్ లోయలోకి 3,300 అడుగులకి పైగా దిగుతారు. పైనే, దిగుడు మొదలవకముందే గేర్ తగ్గించండి. ఆటోమేటిక్‌లో ఎల్, ఎస్, లేదా స్టీరింగ్ వెనక మీటలు, హైబ్రిడ్‌లో బీ. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా నొక్కి 10 మైళ్లు తగ్గించి పూర్తిగా వదిలేయాలి. కాలు తేలిగ్గా ఆనించి అరగంట దిగితే ప్యాడ్లకి చల్లారే వ్యవధి ఉండదు. పాత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని ఉంటుంది, అది మరిగితే పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. కాలిన వాసన వస్తే ఆగి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం చల్లొద్దు, డిస్కు వంకరపోతుంది.

హైబ్రిడ్ వాళ్లకి ఒక మాట: దిగుడు సగంలో బ్యాటరీ నిండిపోతే ఆ తర్వాత చార్జింగ్ రూపంలో వచ్చే నిరోధం ఉండదు. ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా తిరగడం వినిపిస్తుంది, అది లోపం కాదు.

13. వోల్టు

ఎలక్ట్రిక్ బండితో ఈ దారి చదివేవాళ్ల కోసం ఒక లెక్క. మనుషులతో 2,300 కిలోలున్న బండిని సముద్ర మట్టం నుంచి టౌన్ పాస్ దాకా, అంటే 1,510 మీటర్లు లేపడానికి ఎత్తు ఒక్కదానికే 9.5 యూనిట్లు పడుతుంది. గాలి, టైర్ల నష్టం, ఏసీ దీనికి అదనం. దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగొస్తుంది, కానీ పనమింట్ లోయ తర్వాత ఫాదర్ క్రౌలీ వ్యూపాయింట్ వైపు మళ్లీ ఎక్కుడే. మైళ్ల అంచనా చూసి బయల్దేరకండి, ఆ అంచనాకి ముందున్న కొండ తెలియకపోవచ్చు. లోన్ పైన్ చేరేసరికి 25 శాతం మిగిలేలా లెక్క వేసుకోండి.

14. దారిలోఉన్నాం

మాది గ్యాస్ బండే. ఫోన్ సిగ్నల్ ఎంత దూరం ఉండదు? తారు రోడ్డు కాని చోట్లు, రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు లాంటివి వదిలేయాలా?

15. నిదానమే

రేస్‌ట్రాక్ పూర్తిగా వదిలేయండి. ఆ దారిలో రాళ్లు పదునైనవి, మామూలు టైర్ల పక్క గోడలు చీల్చేస్తాయి. అద్దె ఒప్పందాలు తారు రోడ్డు దాటి పోవడాన్ని చాలావరకు నిషేధిస్తాయి, అక్కడి నుంచి లాక్కొచ్చే ఖర్చు పూర్తిగా మీదే. వెస్ట్ సైడ్ రోడ్ కూడా కంకర దారే. మ్యాప్ యాప్ దాన్ని దగ్గరి దారిగా చూపించినా వెళ్లొద్దు.

పార్కులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఫర్నెస్ క్రీక్, స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గర కొంచెం దొరుకుతుంది. పహ్రంప్ నుంచి బిషప్ దాకా, లీ వైనింగ్ నుంచి యోసెమిటీ దాకా మ్యాప్‌ని ముందే ఫోన్‌లోకి దించుకోండి, పార్కు కాగితపు మ్యాప్ కూడా తీసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపొచ్చు, డెమో ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు, రోడ్డు మీద బండి దూరానికి కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

నీళ్లు: ఆరుగురికి 6 గ్యాలన్లు తాగడానికి, ఇంకో 3 ముట్టుకోకుండా బండి కోసం, ఆపద కోసం. అన్నీ ఒకే పెద్ద డబ్బాలో వద్దు, అది పగిలితే అన్నీ పోతాయి.

వానలు: 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం ఒక్క రోజులో 2.2 అంగుళాలు కురిపించింది, ఏడాదిలో పడేంత. అక్టోబరు 15 దాకా పార్కు మూతే. స్కాటీస్ క్యాజిల్ 2015 అక్టోబరు వరదకి దెబ్బతింది. నేల నీటిని పీల్చుకోదు, కొండ మీద పడిన వాన కింద ఎండలో నిలబడ్డ వాళ్ల మీదికి వస్తుంది. రోడ్డు మీద పారే నీళ్లు 12 అంగుళాలుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది. బయల్దేరే ముందు రోజు పార్కు రోడ్ల పేజీ, కాల్ట్రాన్స్ (కాలిఫోర్నియా రోడ్ల శాఖ) క్విక్‌మ్యాప్ రెండూ చూడండి.

16. మంచుగొలుసు

టియోగా మూసేస్తే ఏమిటన్నది ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మ్యామత్ దాకా వెళ్లి తెలుసుకుంటే రోజంతా వృథా. నిర్ణయం లోన్ పైన్‌లో, రెండో రోజు మధ్యాహ్నమే తీసుకోవాలి. అక్కడ సిగ్నల్ ఉంటుంది. యోసెమిటీ రోడ్ల సమాచారం 209-372-0200 నంబరులో వినొచ్చు.

మూసి ఉంటే సోనోరా పాస్ (9,624 అడుగులు) కూడా అదే తుపానుకి మూసుకునే అవకాశం ఎక్కువ, దాన్ని నమ్ముకోవద్దు. లోన్ పైన్ నుంచి దక్షిణానికి తిరిగి, 395, 14 మీదుగా మోహావే, అక్కడి నుంచి 58 మీద తెహచాపీ, బేకర్స్‌ఫీల్డ్, 99 మీద ఫ్రెస్నో, 41 మీద యోసెమిటీ దక్షిణ ద్వారం. పూర్తి రోజు ప్రయాణం, బేకర్స్‌ఫీల్డ్‌లోనో ఫ్రెస్నోలోనో ఆగడం మేలు. రెండో రాత్రి మ్యామత్ బదులు బిషప్‌లో ఉండండి, ఆ గదిని కూడా అందుకే రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోండి.

టైర్లకి మంచు గొలుసులు వేయడాన్ని చాలా అద్దె ఒప్పందాలు ఒప్పుకోవు. గొలుసులు తప్పనిసరి అన్న బోర్డు కనిపిస్తే మీకు ఆ దారి లేనట్టే.

17. తెల్లకోటు

మంచుగొలుసు గారు బిషప్ అన్నారు, నేనూ అదే చెప్పబోయాను. మ్యామత్ లేక్స్ 7,880 అడుగులు, బిషప్ 4,150. ఎత్తు జబ్బు ఎక్కువగా 8,000 పైన నిద్రపోయినప్పుడు వస్తుంది. మధ్యాహ్నం సముద్ర మట్టంలో ఉండి అదే రాత్రి మ్యామత్‌లో పడుకోవడం అంచున ఉన్నట్టే. బిషప్‌లో పడుకుని, టియోగాని (9,943 అడుగులు) పగలు రెండు మూడు గంటల్లో దాటేస్తే చాలామందికి ఏమీ కాదు. తలనొప్పి, వికారం మొదలైతే ఫోటోల కోసం ఆగకుండా దిగిపోండి, వ్యాలీ 4,000 అడుగులే. నాన్నగారికి గుండెలో స్టెంటో, ఊపిరితిత్తుల జబ్బో ఉంటే దాటే ముందు డాక్టర్ అనుమతి కావాలి.

18. దారిలోఉన్నాం

అయితే సవరించిన మూడో రోజు ఇది: బిషప్ నుంచి 8కి బయల్దేరి, లీ వైనింగ్‌లో గ్యాస్, మోనో లేక్ దగ్గర సౌత్ టఫా (సున్నపురాయి స్తంభాలు), టియోగా, టెనాయా లేక్, ఓల్మ్‌స్టెడ్ పాయింట్, 4 గంటలకి వ్యాలీ. రెండో రోజు లోన్ పైన్ తర్వాత మాన్జనార్‌లో గంట. రాత్రి సామాను కారులోనే ఉంచి గదికి చేతిసంచులు మాత్రం తీసుకెళ్తాం.

19. పనమింట్

మాన్జనార్ వదలకండి, రెండో ప్రపంచ యుద్ధంలో పది వేలకి పైగా జపనీస్ అమెరికన్లని నిర్బంధించిన చోటు, ఏడేళ్ల అమ్మాయికి మ్యూజియం అర్థమవుతుంది. లీ వైనింగ్ నుంచి పాస్ దాకా 12 మైళ్లలో 3,000 అడుగులు ఎక్కుతారు, పైన ఉదయం గడ్డకట్టే చలి ఉండొచ్చు. కోట్లు, టోపీలు పెట్టె అడుగున కాకుండా సీట్ల దగ్గర పెట్టుకోండి. ట్యాంకు లీ వైనింగ్‌లో నిండా. ఆ తర్వాత గ్యాస్ క్రేన్ ఫ్లాట్‌లోనే, పాస్ నుంచి 46 మైళ్లు. యోసెమిటీ వ్యాలీలో గ్యాస్ బంకు లేదు, కాబట్టి క్రేన్ ఫ్లాట్‌లో మళ్లీ నింపండి.

20. మూడోవరస

దారిలోఉన్నాం గారూ, రాత్రి సామాను కారులోనే ఉంచుతామన్న మాట మార్చండి. యోసెమిటీలో రాత్రి కారులో వాసన వచ్చేది ఏదీ ఉంచకూడదు. ఎలుగుబంట్లు కారు తలుపుని పైనుంచి వంచి తీస్తాయి, పార్కు జరిమానా కూడా వేస్తుంది. కూలర్, తినుబండారాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, తడి వైప్స్, ఖాళీ జ్యూస్ డబ్బాలు, అన్నీ గదిలోకి తీసుకెళ్లాలి. టెంట్ క్యాబిన్ అయితే బయట ఇచ్చే ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాలి. అందరూ మరిచిపోయేది పిల్లల కార్ సీటు: మడతల్లో పడ్డ బిస్కెట్ పొడి వాసన కూడా వాటికి చాలు. క్రేన్ ఫ్లాట్‌లో ఆగినప్పుడే సీట్లు విప్పి దులిపి, మూడో వరస కింద ఫోన్ టార్చ్ వేసి చూడండి. వ్యాలీకి చేరేసరికి చీకటి పడితే ఆ పని సరిగా జరగదు.